నీళ్లు ఎక్కడిదాకా దిగుతాయో చూసి వేసుకున్న ప్రయాణం

బడులకు వేసవి సెలవులు ఇచ్చి వారం దాటింది. జూన్ 12న మళ్లీ గంట మోగేలోపు ఏదో ఒక పెద్ద నీటి ఒడ్డున డేరా వేసుకొని రెండు రాత్రులు గడపాలన్నది మా పిల్లల పాత కోరిక. నల్లగొండ నుంచి అత్తమ్మతో కలిపి మేము అయిదుగురం, మహబూబ్‌నగర్ నుంచి మా అన్నయ్య ఇంటివాళ్లు నలుగురు, మొత్తం తొమ్మిది మందిమి మే రెండో వారం దాటాక బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. బడిపంతులమ్మను కనుక సెలవుల్లో నాకు పని ఉండదని అందరూ అనుకొని ఏర్పాట్ల భారమంతా నా మీద పెట్టారు. నెల రోజులుగా నేను అడిగి తెలుసుకున్నవీ, తేల్చుకున్నవీ, ఇంకా తేలకుండా ఉన్నవీ ఇక్కడ రాస్తున్నాను.

నిరుడు ఇటువంటి ప్రయత్నమే ఒకటి చేసి చేతులు కాల్చుకున్నాము. సంక్రాంతి సెలవుల్లో ఒక చెరువును నిండుగా, గట్టును ఒరుసుకుంటూ అలలు కొడుతుండగా చూసి వచ్చాము. మే నెలలో అదే చెరువును మనసులో పెట్టుకొని డేరా, దుప్పట్లు, వంట సామాను కారుకెత్తుకొని వెళ్లేసరికి నీళ్లు గట్టుకు ఎంతో దూరాన ఒక మడుగులా మిగిలి ఉన్నాయి, మధ్యనంతా పగుళ్లు బారిన నల్లమట్టి. డేరా మేకులు ఆ ఎండిన రేగడిలో దిగకుండా రాయి దెబ్బకు వంకర్లు పోయాయి. మా చిన్నది నీళ్ల దగ్గరికి పరుగెత్తి మోకాలి లోతు బురదలో దిగబడితే, బర్రెలు కాస్తున్న ముసలాయన ఒకరు వచ్చి పిల్లను పైకి లాగారు, చెప్పు మాత్రం అక్కడే ఉండిపోయింది. రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు చేరాము. తప్పు చెరువుది కాదు, జనవరి నీళ్లను నమ్ముకొని మే నెలలో వెళ్లిన నాది. మన దక్షిణ తెలంగాణలో వేసవి విడిది అంటే నీటి ఒడ్డున ఉండడం కాదు, నీళ్లు తగ్గిన ఒడ్డున ఉండడం. ఈసారి ఏర్పాట్లన్నీ ఆ ఒక్క మాట పట్టుకొనే మొదలుపెట్టాను.

ఏ నీళ్లు అన్నదగ్గరే చాలా వాదన జరిగింది. మా ఊరి అంచునే పానగల్లులో ఉదయసముద్రం ఉంది. కందూరు చోడుల ఉదయనుడి పేరు నిలుపుకున్న ఆ చెరువు ఇప్పుడు కృష్ణా నీళ్లతో నిండుతుంది కాబట్టి వేసవిలోనూ కంటికి ఇంపుగానే ఉంటుంది. అయితే సాయంత్రం నడకకు పోయే చోట డేరా ఏమిటని పిల్లలు కొట్టిపారేశారు. నాగార్జునసాగర్ పేరు మా ఆయన చెప్పారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను, 26 గేట్లను ఎన్నిసార్లు చూసినా ఆయనకు తనివి తీరదు. అయితే ఆనకట్ట పరిసరాలు భద్రతా వలయంలో ఉంటాయి, నాగార్జునకొండకు లాంచీలో వెళ్లి మ్యూజియం చూసి పొద్దుగూకేలోపు తిరిగి రావలసిందే, ద్వీపం మీద రాత్రి నిద్రకు వీలులేదు. డిండి రెండు కుటుంబాలకూ దాదాపు మధ్యన పడుతుంది. నిజాం కాలంలో, 1940ల్లో కట్టిన జలాశయమది, శ్రీశైలం రోడ్డు పక్కనే ఉంటుంది. కాని ఎగువ వానల మీదే ఆధారపడిన వాగు అది, మే నెలలో ఎలా ఉంటుందో నిరుటి చెరువును చూసిన వాళ్లకు వేరుగా చెప్పనవసరం లేదు. మా అన్నయ్య కోయిల్‌సాగర్ అన్నాడు, ఆ వెంటనే సరళాసాగర్ అన్నాడు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరున కట్టించిన సరళాసాగర్‌లో నీటి మట్టం ఒక హద్దు దాటగానే మనిషి చెయ్యి పడకుండా సైఫన్లు వాటంతట అవే తెరుచుకొని నీటిని వదులుతాయి. అది తప్పక చూడవలసినదే, అయితే వానకాలంలో చూడవలసినది. ఎండలో ఆ సైఫన్ల ముందు నిలబడితే కాంక్రీటు తప్ప ఏమీ కనిపించదు.

చివరకు కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల అని తేల్చినది మా అత్తమ్మ. ఆమె పుట్టింది కొల్లాపూర్ తాలూకాలో, కృష్ణ ఒడ్డున. 1981 ప్రాంతంలో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్నినప్పుడు అటు కర్నూలు జిల్లాలో, ఇటు పాలమూరు జిల్లాలో ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి, అందులో ఆమె ఊరూ ఒకటి. దేవుళ్లకు మాత్రం కొంత గతి దొరికింది. సోమశిల గుడులను రాయి రాయిగా విప్పి పైకి తెచ్చి కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. మనుషులు ఎవరి దారిన వారు చెదిరిపోయారు. మేము నీళ్లు నిండుగా ఉండే చోటు గురించి తగువులాడుకుంటుంటే బియ్యం ఏరుతూ కూర్చున్న ఆమె, "మీకు నిండిన నీళ్లు గావాలె బిడ్డా, నాకు తగ్గిన నీళ్లు గావాలె. నీళ్లు తగ్గితెనే మా ఊరి హనుమాండ్ల గద్దె తేల్తది. ఎండకాలం గాక ఇంకెప్పుడు వోతం?" అన్నది. ఆ మాట తర్వాత ఇంకో జలాశయం పేరు ఎవరి నోటా రాలేదు. నేను నెలంతా పెద్ద ఇబ్బందిగా లెక్కపెడుతున్నది ఆమెకు ప్రయాణానికి అసలు కారణం.

అప్పటి నుంచి పత్రికలో జిల్లా పేజీ మూలన వేసే జలాశయాల పట్టికను మేమిద్దరం రోజూ చూస్తున్నాము. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవి ముదిరేకొద్దీ అది దిగుతూ వచ్చి, కొన్ని సంవత్సరాల్లో 810 అడుగుల చుట్టుపక్కలకు చేరుతుంది. ఎత్తులో అది డెబ్బై అయిదు అడుగులే కావచ్చు, కాని సోమశిల వంటి వాలు తక్కువ ఒడ్డున నిలబడితే నీటి అంచు ఎంతో దూరం జరిగిపోయినట్టు కనబడుతుంది. నీళ్లు విడిచిన ఆ జాగాను మన దగ్గర శిఖం అంటాము. అది ఎవరిదీ కాదనుకొని కార్లు దింపేవాళ్లున్నారు. అది తప్పు, ఎందుకంటే నీళ్ల వెంబడే రైతులు దిగి అక్కడ పంటలు పెట్టుకుంటారు, చక్రాల కింద పడేది వాళ్ల కష్టం. పైగా ఒండ్రు పైన ఎండి పలకలు పలకలుగా గట్టిగా కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, బండి దిగబడితే ట్రాక్టరు పిలిపించుకోవాలి. నీటి అంచున అయితే ఊబే. కృష్ణలో మొసళ్లు ఉన్న సంగతి కూడా పిల్లలకు ముందే చెప్పాను. భయపెట్టడానికి కాదు, పొద్దుగూకాక నీటి అంచుకు ఎందుకు పోవద్దంటున్నానో వాళ్లకు తెలియాలని.

అందువల్ల డేరా ఒడ్డున వేయడం లేదు. ఒడ్డు నుంచి నల్లమల వైపు జరిగితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం వస్తుంది, అందులో అటవీశాఖ వసతుల్లో తప్ప సొంతంగా రాత్రి బస చేయకూడదు, మంట అసలే వేయకూడదు. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను కూడా వదలరు. సోమశిలలో పర్యాటక సంస్థ వారి హరిత కుటీరాలు ఉన్నాయి, హాయిగానే ఉంటాయని విన్నాను, అయితే కుటీరంలో పడుకుంటే అది డేరా ఎలా అవుతుందని మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అన్నయ్య స్నేహితుడి బంధువులకు ఊరికి అవతల మిట్ట మీద మామిడి తోట ఉంది, అక్కడి నుంచి నీళ్లు కనిపిస్తాయి. కొల్లాపూర్ మామిడికి పేరు కదా, మే నడిమికి కాయ చాలా వరకు కోసేస్తారు కాబట్టి కూలీల సందడి తగ్గి తోట ఖాళీగా ఉంటుంది. గాలివాన ముదిరితే కుటీరాలకు వెళ్లిపోవచ్చునని ఒక గది మాత్రం ముందుగా మాట్లాడి పెట్టుకుంటున్నాము.

ఆ తోటను నేను ఒప్పుకోవడానికి అసలు కారణం మోటరు గది వెనక ఉన్న పాయఖానా. ఇటువంటి ప్రయాణాల గురించి మగవాళ్లు రాసిన వర్ణనలు చాలా చదివాను, సూర్యాస్తమయం గురించి నాలుగు పేరాలు ఉంటాయి, ఈ విషయం గురించి ఒక వాక్యం ఉండదు. డెబ్బై దాటిన అత్తమ్మ, పదమూడేళ్ల బిడ్డ, నేను, వదిన ఉన్న బృందానికి తలుపూ గొళ్లెమూ నీళ్లూ ఉన్న పాయఖానా తర్వాతనే చందమామ అయినా, చుక్కలైనా.

చందమామ మీద కూడా గొడవ జరిగింది. పౌర్ణమికి పోదామని వదిన, అమావాస్యకు పోతేనే చుక్కలు కనబడతాయని మా అమ్మాయి. పంచాంగం తీసి చూస్తే మధ్యదారి ఒకటి దొరికింది. శుద్ధ ఏకాదశి, ద్వాదశి రోజుల్లో పొద్దుగూకేసరికే చంద్రుడు నడినెత్తి వైపు ఎక్కి ఉంటాడు, వంటకూ తిండికీ ఆటలకూ దీపం అక్కర్లేదు. రాత్రి మూడు గంటల ప్రాంతంలో చంద్రుడు కుంకిపోతే తెల్లవారేదాకా రెండు గంటల చీకటి మిగులుతుంది. ఆ వేళకు దక్షిణాన వృశ్చికం తోకలో మూలా నక్షత్రమూ, దాని పక్కనుంచి పైకి పారే పాలపుంతా కనిపిస్తాయి. మూడింటికి లేపమని అమ్మాయి ఇప్పుడే మాట తీసుకున్నది, లేస్తుందో లేదో చూడాలి.

కార్తెను కూడా లెక్కలోకి తీసుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు, మే 25 దాటాక వెళ్లే మాటే లేదు. కృత్తిక కార్తెలో ఎండ తక్కువేమీ కాదు, కాని సాయంత్రాలు ఒక్కోసారి మబ్బు పట్టి చల్లబడుతుంది. ఆ మబ్బు వెంటే గాలిదుమారం, ఉరుములు, పిడుగులు వస్తాయి. మన వైపు పిడుగు పడితే ముందు తాటిచెట్టు మాడుతుంది కనుక డేరా తాటిచెట్లకు దూరంగా, పెద్ద కొమ్మల కింద కాకుండా, మోటరు గదికి దగ్గరగా వేస్తున్నాము. గాలి మొదలుకాగానే డేరా విప్పి మడిచి కార్లలో కూర్చోవాలి, దాన్ని పట్టుకొని నిలబెట్టే సాహసాలు చేయకూడదని మా ఆయనకు ప్రత్యేకంగా చెప్పి ఉంచాను.

డేరా ఒక్కటే, అదీ పిల్లలకు. నలుగురు పట్టేది, అడుగుభాగం గోడలతో కలిపి కుట్టినది తెప్పించాము. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటు వేస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు కాబట్టి నిద్రలో ఉన్నవాళ్లు గమనించరు. అందుకే పాము దూరే సందు లేని డేరా కావాలి, జిప్పు ఎప్పుడూ మూసి ఉండాలి, చెప్పులు దులపకుండా తొడగకూడదు. ఏమైనా జరిగితే కోయడాలు, కట్టడాలు, మంత్రాలు లేకుండా కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవడమే. డేరాను డాబా మీద విప్పి చూద్దామని ప్రయత్నిస్తే మేకులు కొట్టడానికి మట్టి లేక నాలుగు మూలలా నాలుగు నీళ్ల క్యాన్లు పెట్టి నిలబెట్టాము. పొద్దున తొమ్మిదింటికే లోపల పెనం మీద కూర్చున్నట్టుంది. పగలు అందులో ఎవరూ ఉండకూడదని అప్పుడే తేలిపోయింది. పెద్దవాళ్లకు తోటలో ఉన్న నులక మంచాలు, వాటికి కట్టుకోవడానికి మా ఇంటి దోమతెరలు. ఈ ఏర్పాటు చూసి అత్తమ్మ, "మంచాలేసుకొని చెట్టు కింద పండుకునుడు మా చిన్నప్పుడు రోజు ఉండేదే, దీనికి నెల దినాలు ముచ్చటేంది?" అన్నది. నిజమే, నేను మాత్రం నోరెత్తలేదు.

నీళ్ల విషయంలో నల్లగొండ వాళ్లకు ఉండే అనుమానం ఇంకెవరికీ ఉండదేమో. ఫ్లోరైడు వల్ల వంగిపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లం, బోరు నీళ్లు ఎంత తేటగా ఉన్నా గ్లాసు ఎత్తబుద్ధి కాదు. కాచి తాగితే సరిపోతుందిగా అని వదిన అన్నది. కాచడం వల్ల క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని మా బడి గోడ మీదనే రాసి ఉంటుంది. రెండు రోజులు తోట బోరు తాగినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదని నాకూ తెలుసు, అయినా తాగడానికీ వండడానికీ మనిషికి రోజుకు అయిదు లీటర్ల చొప్పున ఇంటి నుంచే క్యాన్లలో తీసుకుపోతున్నాము. తొమ్మిది మందికి రెండు రోజులంటే తొంభై లీటర్లు, కారు డిక్కీలో సగం నీళ్లే. చల్లదనానికి రెండు మట్టి కూజాలు విడిగా, గడ్డిలో చుట్టి.

తిండి గురించి నాకు పెద్దగా బెంగ లేదు. మొదటి రోజుకు జొన్న రొట్టెలు, మామిడికాయ తొక్కు, పల్లీల కారం, పులిహోర ఇంటి నుంచే వస్తాయి. పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోతుంది కనుక రాత్రికి పచ్చిపులుసు, ముద్దపప్పు. రెండో రోజు పొద్దున్నే పుట్టి మీద వేటకు పోయి వచ్చినవాళ్ల దగ్గర రవ్వ చేపలో బొచ్చెలో దొరికితే అన్నయ్య పులుసు పెడతానన్నాడు, దొరకకపోతే గుడ్లు. ఆ రోజు అతని చేతి పులుసు తప్పించుకోవడానికి వదిన ఏదో ఒక ఉపవాసం గుర్తు చేసుకుంటుందని నా ఊహ. మూడు రాళ్ల పొయ్యి మీద వండాలని పిల్లలు పట్టుబట్టారు గాని, రాలిన ఆకులు గలగలలాడే తోటలో, గాలి ఎటు తిరుగుతుందో తెలియని రోజుల్లో, ఇంకొకరి చెట్ల కింద నిప్పు రాజేయడం నాకు ఇష్టం లేదు. చిన్న సిలిండరు, ఒక పొయ్యి, మోటరు గది గోడ చాటున. దారిలో తాటి ముంజలు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగాలి, ఇది మాత్రం అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న తీర్మానం.

మేము తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా పోతాము, అన్నయ్య వాళ్లు జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దారిన వస్తారు. ఎండ ఎక్కకముందే కొల్లాపూర్‌లో కలుసుకోవాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ చెట్టు నీడ దాటకూడదు. ఆ అయిదు గంటల కోసం అష్టాచెమ్మ గవ్వలు, ఒక వామనగుంటల పీట, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టాను. తిరగడమంతా పొద్దున, సాయంత్రమే. సోమశిల గుడికి ఒక సాయంత్రం, నీటి ఒడ్డుకు రెండో రోజు పొద్దున.

ఆ రెండో రోజు పొద్దున గురించే ఇంకా తేలలేదు. అత్తమ్మ ఊరి గద్దె ఒడ్డు నుంచి కనిపించేంత దూరంలో ఉంటుందో, పడవ ఎక్కవలసి వస్తుందో అక్కడికి పోతే గాని తెలియదు. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు ఇదే కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు, పాలమూరులో ఆ సంగతి మరిచిపోయినవాళ్లు లేరు. కాబట్టి లైఫ్ జాకెట్లు ఇచ్చే పెద్ద పడవ అయితేనే, పొద్దున గాలి లేవకముందైతేనే, పెద్దవాళ్లం ముగ్గురం మాత్రమే ఆమెతో పోవాలని, పిల్లలు ఒడ్డునే ఉండాలని అనుకున్నాము. మా అమ్మాయికి ఇది నచ్చలేదు. నాయనమ్మ ఊరు తాను చూడకపోతే ఎట్లా అని రెండు రోజులుగా మాట్లాడడం మానేసింది. ఆ పిల్ల కొలతకు ఒక జాకెట్ దొరుకుతుందేమోనని అన్నయ్య కనుక్కుంటున్నాడు, నేను ఇంకా అవునని అనలేదు.

ఈ పొద్దున కూడా పత్రిక తెరిచి మట్టం చదివాను. నిన్నటికన్నా కొంచెం దిగింది. డేరా ముందు నీళ్లు ఎంత దూరం పోతాయో అని మా అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. అత్తమ్మ కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "ఇంకింత దిగాలె బిడ్డా, గద్దె దాక రాలే ఇంక" అన్నది.